స్నేహితురాలి కొడుకును బడిలో ఏడిపిస్తుంటే

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో తల్లిదండ్రులు రాసేవే ఎక్కువ. ఈసారి మాత్రం వాళ్ల పక్కనుండేవాళ్లు రాశారు: స్నేహితులు, పక్కింటివాళ్లు, ఒక మేనమామ. బిడ్డ తమది కాదు, చూస్తూ ఊరుకోనూ లేరు. ఎంతవరకు కల్పించుకోవాలన్నది అందరి ప్రశ్న. బడి పిల్లలతోనూ వాళ్ల కుటుంబాలతోనూ పనిచేసే మా కౌన్సెలర్ల బృందం జవాబులు ఇవి.

ప్రశ్న: నా స్నేహితురాలి కొడుకు ఏడో తరగతి. క్లాసులో ముగ్గురు అబ్బాయిలు నెలల తరబడి వాణ్ని ఏడిపిస్తున్నారట. బ్యాగు దాచేస్తారు, ఏదో పేరు పెట్టి పిలుస్తారు, మొన్న టాయిలెట్ దగ్గర గోడకేసి తోశారు. నిన్న రాత్రే బయటపెట్టాడు. వాళ్లమ్మకు రాత్రంతా నిద్ర లేదు. ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి కడిగేస్తాను, నువ్వూ తోడు రా అంటోంది. వెళ్లనా, ఆపనా?

జవాబు: ఆ ఇళ్లకు మీరు వెళ్లకండి, ఆమెనూ వెళ్లనివ్వకండి. మర్యాద కోసం చెబుతున్న మాట కాదిది. గుమ్మంలో నిలబడి అడిగితే ఏ తల్లిదండ్రులైనా ముందు తమ బిడ్డను వెనకేసుకొస్తారు. మాటా మాటా పెరుగుతుంది. ఆ రాత్రి ఆ పిల్లలకు ఇంట్లో తిట్లు పడితే, మర్నాడు ఆ కసి తీర్చుకునేది మీ పిల్లాడి మీదే, అదీ పెద్దలెవరూ లేనిచోట. పైగా తర్వాత స్కూలుకు వెళ్తే, "ఇది రెండు కుటుంబాల గొడవండీ, మేమేం చేస్తాం" అనడానికి వాళ్లకు మనమే దారి చూపినట్టవుతుంది.

అలాగని ఆమెతో "కాస్త ఓపిక పట్టు" అనకండి. ఆ మాట వింటే ఆమెకు మీరు కూడా స్కూలు పక్షమే అనిపిస్తుంది. "వెళ్దాం. కానీ స్కూలుకు వెళ్దాం, కాగితం పట్టుకుని వెళ్దాం. ఆ కాగితం ఇప్పుడే ఇద్దరం కూర్చుని రాద్దాం" అనండి. కోపానికి ఒక పని దొరుకుతుంది. ఈ వ్యవహారంలో స్నేహితులు చేయగల అసలు సాయం ఇదేనని మా నమ్మకం. ఆమె ఏడవచ్చు, అరవచ్చు, తిట్టుకోవచ్చు. ఆ సమయంలో తేదీలూ వివరాలూ చెదరకుండా పట్టుకుని ఉండే మనిషి ఒకరు పక్కన కావాలి. ఆ మనిషి మీరు కండి. ఆమె కంటే ఎక్కువ ఆవేశపడే మనిషి కాకండి.

కాగితం కంటే ముందు పిల్లాడు. వాళ్లమ్మ ఇప్పటికే పదిసార్లు అడిగి ఉంటుంది, మీరు మళ్లీ మొదటినుంచీ అడగొద్దు. వాడే మీ దగ్గర మాట ఎత్తితే వినండి. ఎదురుగా కూర్చోబెట్టి కళ్లలోకి చూస్తూ అడిగితే ఈ వయసు పిల్లలు బిగుసుకుపోతారు. పక్కపక్కన నడుస్తున్నప్పుడో, కలిసి ఏదో పని చేసుకుంటున్నప్పుడో మాట దానంతటదే వస్తుంది. "చెప్పి మంచి పని చేశావు నాన్నా. ఇందులో నీ తప్పేం లేదు. నీకు తెలియకుండా మేం ఏమీ చేయం." ఇంత చాలు. "ఎవరికీ చెప్పనులే" అని మాత్రం మాటివ్వకండి, రేపు స్కూలుకు చెప్పక తప్పదు కదా. "ఇన్నాళ్లూ ఎందుకు దాచావు?", "నువ్వేమన్నావు వాళ్లని?" అన్న ప్రశ్నలు మన నోట మామూలుగానే వచ్చినా, వాడి చెవికి తప్పు తనదే అన్నట్టు వినిపిస్తాయి. "వాడే కదా తోసింది?" లాంటివీ వద్దు. పెద్దవాళ్లు ఏం వినాలనుకుంటున్నారో కనిపెట్టి పిల్లలు అవునంటారు, రేపు స్కూల్లో గుచ్చి అడిగినప్పుడు ఆ మాట నిలవదు. ఎక్కడ జరిగింది, అంతకుముందు ఏమైంది, తర్వాత ఏమైంది, ఎవరెవరు ఉన్నారు అని అడిగితే సరిపోతుంది. ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ వాడి చేత మళ్లీ చెప్పించకుండా చూడటం కూడా మీ పనే.

ఒంటి మీద దెబ్బలుంటే అదే రోజు పగటి వెలుగులో ఫొటోలు తీయండి. ఒకటి కాస్త దూరం నుంచి, ముఖమూ దెబ్బా కలిసి కనిపించేలా. ఇంకొకటి దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి. కమిలిన చోట రంగు రోజురోజుకూ మారుతుంది కాబట్టి మర్నాడు మళ్లీ ఒకటి. డాక్టరుకు చూపించి, దెబ్బ ఎలా తగిలిందని పిల్లాడు చెప్పాడో చీటీలో రాయమని అడగండి. తలకు తగిలి వాంతులో, మత్తో, తగ్గని తలనొప్పో ఉంటే ఇవన్నీ పక్కనబెట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు కాగితం. ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఆమె చెబుతుంది, మీరు రాయండి. తేదీ, వారం, ఏ పీరియడ్, ఏ చోటు, ఎవరు, ఏం చేశారు, ఏ మాట అన్నారు, ఎవరు చూశారు, ఏ టీచరుకు చెప్పారు, ఆ టీచరు ఏమన్నారు. "రోజూ కొడుతున్నారు, బూతులు తిడుతున్నారు" అని రాస్తే స్కూలు ఒక్క హాజరు పట్టీ తీసి "ఈ అబ్బాయి పోయిన వారం మూడు రోజులు రానేలేదు" అంటుంది, అక్కడితో మిగతాదంతా అబద్ధంలా కనిపిస్తుంది. అదే ఇలా రాయండి: "12వ తేదీ మంగళవారం, మూడో పీరియడ్ తర్వాత ఇంటర్వెల్‌లో, కింది అంతస్తు టాయిలెట్ బయట. ముగ్గురూ అడ్డం నిలబడ్డారు. ఒకడు రెండు చేతులతో భుజాల మీద తోశాడు, మోచెయ్యి గోడకు తగిలి గీసుకుపోయింది. పక్క సెక్షన్ పిల్లలు ఇద్దరు చూశారు. టీచరుకు చెప్పలేదు." అన్న బూతు మాట ఎంత అసహ్యంగా ఉన్నా ఉన్నదున్నట్టు రాయాలి. 'చెడ్డ మాట అన్నారు' అని రాస్తే దాని బరువు ఎవరికీ తెలియదు. తేదీ గుర్తులేనివి "దసరా సెలవులకు ముందు వారం" అన్నట్టు దేనితోనైనా ముడిపెట్టి రాయండి, ఊహించి తేదీ వేయకండి. పిల్లాడు చెప్పినది ఒకవైపు, తల్లి గమనించినది ఇంకోవైపు ఉండాలి. పొద్దున్నే కడుపునొప్పి అనడం, చిరిగిన పుస్తకాలు, స్కూల్లో టాయిలెట్‌కు వెళ్లకుండా ఇంటికి రాగానే పరుగెత్తడం తల్లి వైపు రాయాలి. ఆ చివరిది చాలామంది పట్టించుకోరు. పిల్లలు భయపడే చోటు టాయిలెట్ అయినప్పుడు రోజంతా ఆపుకుంటారు, నీళ్లు తాగడం కూడా మానేస్తారు.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. క్లాస్ టీచరుకు రాసి, ప్రిన్సిపాల్‌కు ఒక ప్రతి ఇవ్వండి. పుస్తకంలోంచి గట్టి సంఘటనలు మూడు నాలుగు ఎంచుకుని తేదీలతో పెట్టి, బాబు మీద వాటి ప్రభావం రెండు వాక్యాల్లో చెప్పి, ఏం కావాలో అడగాలి. చాలా ఉత్తరాలు చెడిపోయేది ఇక్కడే. "వాళ్లను స్కూలు నుంచి పంపించేయాలి" అని అడిగితే చర్చంతా ఆ పిల్లల శిక్ష చుట్టూ తిరుగుతుంది, వేరే పిల్లల మీద ఏం చర్య తీసుకున్నారో స్కూలు చాలాసార్లు మనకు చెప్పదు కూడా. మన బిడ్డ క్షేమం అడిగితే అది వాళ్లు చేశారో లేదో మనకు కనిపిస్తుంది. ముగింపు ఇలా ఉండొచ్చు:

"ఇంటర్వెల్‌లో కింది అంతస్తు టాయిలెట్ దగ్గర, స్కూల్ బస్సులో ఒక పెద్దవారిని ఉంచండి. క్లాసులోనూ బస్సులోనూ ఆ ముగ్గురి సీట్లు మా బాబుకు దూరంగా మార్చండి, బాబు సీటు మార్చకండి. ఏం జరిగినా వెంటనే వెళ్లి చెప్పుకోడానికి ఒక టీచరు ఎవరో బాబుకు చెప్పండి. ఏ ఏర్పాట్లు చేశారో వచ్చే శుక్రవారంలోగా రాతపూర్వకంగా తెలియజేయండి."

చేతికిస్తే రెండో ప్రతి మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. ఈమెయిల్ అయితే ఆ చింత లేదు.

మాట్లాడటానికి పిలిచినప్పుడు ఆమెతో వెళ్లండి. నాతోపాటు ఇంకొకరు వస్తున్నారని ఆమె ముందే స్కూలుకు చెప్పాలి, లేకపోతే బయటే కూర్చోమంటారు. లోపల మీరు మాట్లాడేది తక్కువ, రాసేది ఎక్కువ. ఆమె గొంతు పూడుకుపోతే, "ఒక్క నిమిషం మేడం" అని నీళ్లు అందించి, కాగితంలో ఆగిన చోట వేలు పెట్టి చూపించండి. "చూస్తాం", "చెప్తాం" అన్న ప్రతి మాటకూ "ఎవరు చూస్తారండీ, ఏ రోజు నుంచి?" అని ఒక్క ప్రశ్న. ఇంటికి రాగానే, అదే సాయంత్రం ఆమె చేత మెయిలు పెట్టించండి: "ఈరోజు మాట్లాడినప్పుడు మీరు ఈ ఏర్పాట్లు చేస్తామన్నారు, ధన్యవాదాలు." ఆ మెయిలుకు జవాబు రాకపోయినా ఫరవాలేదు, అది రికార్డులో ఉంటుంది.

ఒక ప్రతిపాదనకు మాత్రం ఒప్పుకోవద్దు. "పిల్లల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించి, చేతులు కలిపించేస్తాం" అంటారు. సమానుల మధ్య తగవుకు అది మంచి పద్ధతే. ఇక్కడ ముగ్గురు ఒకవైపు, భయపడుతున్నవాడు ఒక్కడు ఇంకోవైపు. ఆ గదిలో వాడు "సరే సార్" అనడం తప్ప ఏం చేయగలడు? బయటికొచ్చాక "మామీదే చెప్తావా" అని మళ్లీ మొదలవుతుంది. విడివిడిగా మాట్లాడమని అడగండి.

వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి స్కూలును మళ్లీ కలవాలని క్యాలెండర్‌లో రాయించండి. మొదటి వారం అందరి కళ్లూ ఉంటాయి కాబట్టి ఆగుతుంది. రెండో వారం నుంచి కనిపించని రూపంలో మళ్లీ తల ఎత్తుతుంది. అప్పుడు కొట్టడం ఉండదు, ఆటలోకి రానివ్వకపోవడం, వెళ్తుంటే గుసగుసలాడి నవ్వడం ఉంటాయి. వాటినీ పుస్తకంలో ఎక్కించండి.

ప్రశ్న: మా ఫ్రెండ్ కూతురి విషయంలో స్కూలుకు వెళ్తే "పిల్లలన్నాక ఆటపట్టించుకుంటారు, ఇంత చిన్నదానికి..." అన్నారు. మా ఫ్రెండ్ కూడా వెనక్కి తగ్గింది. నిజంగా ఇది చిన్న విషయమేనా?

జవాబు: తేల్చుకోడానికి కొలమానం ఉంది. స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ 1970ల నుంచీ దీని మీదే పరిశోధన చేశారు. ఆయన చెప్పిన మూడు గుర్తులనే ఈరోజుకీ చాలా దేశాల్లో వాడుతున్నారు. కావాలని బాధపెట్టడం ఒకటి, మళ్లీ మళ్లీ జరగడం రెండోది, బాధపడేవాళ్లు తమను తాము కాపాడుకోలేనంత బలంలో తేడా ఉండటం మూడోది. బలం అంటే కండలే కాదు. సంఖ్య, వయసు, క్లాసులో పలుకుబడి, మాటకారితనం, ఎదుటివాళ్ల రహస్యం చేతిలో ఉండటం, అన్నీ బలమే.

ఆటపట్టించడంలో ఈరోజు ఒకరు, రేపు ఇంకొకరు దొరుకుతారు. "ఆపవే" అంటే ఆగుతుంది. ఇద్దరూ నవ్వుతారు. ఎప్పుడూ ఒకే పిల్ల దొరుకుతూ, వద్దన్నకొద్దీ ఎక్కువవుతూ, చుట్టూ అందరూ నవ్వుతుంటే ఆ పిల్ల ఒక్కతే నవ్వకపోతే అది ఆట కాదు. స్కూల్లో ఈ మాటలనే ప్రశ్నలుగా అడగండి: "ఎప్పుడైనా మా పాప వాళ్లను ఇలా అనడం ఎవరైనా చూశారా? వద్దన్నాక వాళ్లు ఆపారా?" 'మామూలే' అన్న మాటకు ఇంకో జవాబు కూడా ఉంది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు గడిచిన నెలలో వేధింపుకు గురయ్యారని యునెస్కో 2019లో ప్రకటించింది. తరచుగా జరుగుతోందన్నది నిజమే. తరచుగా జరిగినంత మాత్రాన హాని తగ్గదు. ఇంటర్వెల్‌లో, ఆటస్థలంలో పెద్దల కాపలా పెంచడం, బడుల్లో వేధింపు తగ్గించడానికి ఓల్వేయస్ రూపొందించిన కార్యక్రమంలో ముఖ్యమైన భాగం, దానికి కావలసింది టీచర్ల డ్యూటీ పట్టీలో మార్పు మాత్రమే.

క్లాస్ టీచరు దగ్గర పని కాకపోతే ప్రిన్సిపాల్, అక్కడా కాకపోతే యాజమాన్యం, ఆపైన విద్యాశాఖ అధికారి. ప్రతి మెట్టులోనూ కింది మెట్టుకు రాసిన ఉత్తరం నకలు జతచేయండి. ఒళ్లు తడమడం, డబ్బు గుంజడం, గాయపరచడం, చంపుతామని బెదిరించడం ఉంటే మాత్రం మళ్లీ జరిగేదాకా చూడక్కర్లేదు, మెట్లూ ఎక్కక్కర్లేదు. ఒక్కసారి జరిగినా ప్రిన్సిపాల్‌కూ పోలీసులకూ అదే రోజు చెప్పాలి.

ప్రశ్న: స్నేహితుడి కూతురి ఫొటోను ఎవరో వికారంగా మార్చి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అమ్మాయి తొమ్మిదో తరగతి. వాళ్ల నాన్న వెంటనే ఫోను లాక్కుని గ్రూపులోంచి బయటికొచ్చేశాడు. ఫోన్ల సంగతి నాకు కొంచెం తెలుసని నన్ను అడుగుతున్నాడు.

జవాబు: తొందరలో చాలామంది చేసేది అదే, అందుకే వరుస చెబుతాం. ముందు సాక్ష్యం, తర్వాత రిపోర్టు, ఆ తర్వాతే బ్లాక్ చేయడం, బయటికి రావడం. పంపినవాళ్లు ఆ ఫొటోను 'అందరికీ డిలీట్' చేసేయగలరు కాబట్టి చూసిన నిమిషంలోనే స్క్రీన్‌షాట్ తీయాలి. ఫొటో ఒక్కటే తీస్తే చాలదు. గ్రూపు పేరు, పంపిన సమయం, కింద ఎవరెవరు ఏమన్నారు అన్నీ పడాలి. మన ఫోనులో కనిపించేది మనం సేవ్ చేసుకున్న పేరు, అది ఎవరిదో రుజువు కాదు. పేరు మీద నొక్కితే వచ్చే పేజీలో నంబరు ఉంటుంది, అదీ స్క్రీన్‌షాట్ తీయాలి. చాటింగ్ పొడవుగా ఉంటే స్క్రీన్ రికార్డింగ్ పెట్టి మెల్లగా పైకి జరుపుతూ పోండి. ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల పైకి కనిపించే పేరు మార్చేసుకుంటారు కనుక ప్రొఫైల్ లింకు కూడా కాపీ చేసి పెట్టుకోవాలి. మీ మిత్రుడు ఇప్పటికే బయటికొచ్చినా, ఆ గ్రూపులో ఉన్న ఇంకో విద్యార్థి తల్లిదండ్రులను అడిగితే వాళ్ల ఫోను నుంచి దొరుకుతుంది. జవాబు ఇవ్వొద్దు, తిట్టొద్దు. ఆ తిట్టు స్క్రీన్‌షాట్ రేపు వాళ్ల చేతిలో ఉంటుంది.

ఇక్కడ ఒక మినహాయింపు చాలా ముఖ్యం. ఆ ఫొటో నగ్నంగా ఉన్నా, నగ్నంగా కనిపించేలా మార్చినా దాన్ని మీరు సేవ్ చేయకండి, ఎవరికీ పంపకండి, "స్కూలుకు చూపిద్దాం" అని కూడా ఫార్వర్డ్ చేయకండి. మైనర్ల అలాంటి చిత్రాలు దగ్గర ఉంచుకోవడం, పంపడం చాలా దేశాల్లో నేరం. ఎక్కడ, ఎప్పుడు, ఏ ఖాతా నుంచి వచ్చిందో కాగితం మీద రాసుకుని, యాప్‌లో రిపోర్టు కొట్టి, ఫోనుతో సహా పోలీసుల దగ్గరికి వెళ్లాలి. పద్దెనిమిదేళ్ల లోపు తీసిన అలాంటి చిత్రాలు వ్యాపించకుండా ఆపడానికి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. చిత్రం మీ ఫోను దాటి బయటికి పోదు. దాని నుంచి తయారైన ఒక సంకేత సంఖ్య మాత్రమే వెళ్తుంది. ఆ సేవలో చేరిన సామాజిక మాధ్యమాలు ఆ సంఖ్యతో పోల్చి చిత్రాన్ని గుర్తించి తీసేస్తాయి.

ఇక ఫోను లాక్కోవడం గురించి మీ మిత్రుడితో మాట్లాడండి. పిల్లలు ఇలాంటివి ఇంట్లో చెప్పకపోవడానికి పెద్ద కారణాల్లో ఒకటి, చెబితే ఫోను పోతుందన్న భయం. తప్పు చేసింది వేరేవాళ్లు, తోటి పిల్లలకు దూరమయ్యేది ఈ అమ్మాయి. ఫోను తిరిగి ఇచ్చేసి, "కొన్నాళ్లు రాత్రి పడుకునేటప్పుడు హాల్లో ఛార్జింగ్‌కు పెడదాం, నాదీ అక్కడే పెడతాను" అని నాన్న అడిగితే ఆ పిల్ల ఒప్పుకుంటుంది.

ప్రశ్న: మా అమ్మాయీ, నా స్నేహితురాలి కొడుకూ ఒకే క్లాసు. వాణ్ని ఏడిపించడం మా అమ్మాయి చూస్తూనే ఉందట, నాకు ఒక్క మాట చెప్పలేదు. కోపం వచ్చి అరిచేశాను. ఇప్పుడు దాన్ని వాడికి తోడుగా పెట్టనా?

జవాబు: మీ అమ్మాయి మౌనంగా ఉంది కాబట్టి మనసు లేనిది అనుకోకండి. కెనడాలో పరిశోధకులు ఆటస్థలాల్లో పిల్లలను వీడియో తీసి చూశారు, ఫలితాలు 2001లో వచ్చాయి. పదింట దాదాపు తొమ్మిది సంఘటనల్లో చుట్టూ తోటి పిల్లలు ఉన్నారు. కల్పించుకున్నది మాత్రం అయిదింట ఒక్క దాంట్లో కూడా కాదు. పిల్లలు "నెక్స్ట్ నేనే" అని భయపడతారు. మీకు ధైర్యమిచ్చే సంగతి కూడా అందులోనే ఉంది. తోటివాళ్లు కల్పించుకున్నప్పుడు సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలో వేధింపు ఆగిపోయింది.

ఫిన్లాండ్ పరిశోధకురాలు క్రిస్టినా సల్మివల్లి 1996లో చూపించినదేమిటంటే, చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకటి కాదు. కొందరు చేయి కలుపుతారు, కొందరు నవ్వి ఉసిగొల్పుతారు, కొందరు పక్కకు తప్పుకుంటారు, కొందరు అడ్డుపడతారు. వేధింపు ఆపడానికి అక్కడి బడుల్లో నడిచే 'కివా' అనే కార్యక్రమం ఈ ఆలోచన మీదే నిలిచింది. ఏడిపించేవాళ్లకు కావలసింది ప్రేక్షకులు.

కాబట్టి మీ అమ్మాయిని వీరవనితను చేయనక్కర్లేదు. నవ్వకపోవడం, గ్రూపులో వచ్చింది ముందుకు పంపకపోవడం మొదటి మెట్టు. రెండోది, అక్కడి నుంచి వాణ్ని తప్పించే ఒక చిన్న మాట: "రారా, మేడం పిలుస్తున్నారు." ఎవరితోనూ గొడవ లేదు, వాడు బయటపడ్డాడు. మూడోది, అయ్యాక వాడి పక్కకెళ్లి "నేను చూశాను. వాళ్లది తప్పు" అనడం. దెబ్బ కంటే "అందరూ చూశారు, ఎవరూ ఏమీ అనలేదు" అన్నదే ఎక్కువ కాలం గుచ్చుతుందని ఈ పిల్లలు చెబుతారు. ఇవేవీ చేతకాకపోతే ఒక టీచరుకు చెబితే చాలు, లేదా మీకు. అరిచినందుకు ముందు దానికి సారీ చెప్పండి, లేకపోతే ఇంకోసారి చెప్పదు. రోజూ సాయంత్రం "ఈరోజు వాణ్ని ఏం చేశారు?" అని దాన్ని గూఢచారిని చేయకండి. అది వాళ్లిద్దరి స్నేహాన్నీ చంపేస్తుంది.

ప్రశ్న: మా అక్క కొడుకును బడిలో కొడుతున్నారు. "నువ్వూ రెండు పీకు, నేనున్నా" అని చెప్పాను. అక్క నన్ను తిట్టింది. మేనమామగా నేను చెప్పింది తప్పా?

జవాబు: ప్రేమతోనే చెప్పారు, కానీ ఆ సలహా పనిచేయదు. వాళ్లు ఎక్కువమంది, వీడు ఒక్కడు. టీచరు తలెత్తి చూసేసరికి కనిపించేది రెండో దెబ్బ, అంటే వీడిది. కొట్టలేకపోతే వాడికి ఇంకో సిగ్గు మిగులుతుంది, మామయ్య చెప్పినా చేతకాలేదని. ఆ తర్వాత మీకు కూడా చెప్పడం మానేస్తాడు. మీ దగ్గర వాడికి చనువు ఉంది కదా, దాన్ని ఇలా వాడండి. ఇంట్లో మీరు ఏడిపించేవాడిగా నటించండి. వాడు నిటారుగా నిలబడి, మీ కళ్లకేసి కాకుండా నుదుటికేసి చూస్తూ, గొంతు పెంచకుండా "ఆపు, నాకిది నచ్చలేదు" అని, ఆగకుండా తిరిగి మనుషులున్న వైపు నడవాలి. రోజుకు అయిదుసార్లు, వారం రోజులు. పరుగెత్తకూడదు, వెనక్కి చూడకూడదు. చేయి చేసుకుంటే మాత్రం నిలబడొద్దు, గట్టిగా అరిచి పెద్దవాళ్ల దగ్గరికి పరుగే. ఇది వాడికి కాస్త పట్టు ఇస్తుంది. ఆపాల్సిన బాధ్యత మాత్రం స్కూలుదే, వాడిది కాదు.

ప్రశ్న: ఎదురింటి పిల్లవాడు మా ఇంట్లో ఆడుకుంటూ "నేను చచ్చిపోతే అందరికీ హాయి" అన్నాడు. స్కూల్లో గొడవలున్నాయని తెలుసు. వాళ్లమ్మకు చెబితే కంగారు పడుతుందని ఆగాను.

జవాబు: ఆగొద్దు, ఇది చదివిన వెంటనే వెళ్లి చెప్పండి. కోపంలో అన్నాడా, నిజంగా అన్నాడా అని తూకం వేసే పని మీది కాదు, వైద్యులది.

పిల్లాడితో సూటిగా మాట్లాడవచ్చు: "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా? ఎలా అని కూడా ఆలోచించావా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. అడిగాక చాలామంది పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. అవునన్నా, జవాబు చెప్పకుండా తల దించుకున్నా, ఎలాగో ఒక పద్ధతి చెప్పినా వాణ్ని ఒంటరిగా వదలకండి, స్నానాల గదిలో గడియ వేసుకోనివ్వకండి. తల్లిదండ్రులతో కలిసి ఆ ఇంట్లోని మందులు, పురుగుమందులు, పదునైనవి తాళంలో పెట్టించండి. మాత్రలు పడేసే అలవాటు లేని ఇళ్లలో పాతవి డబ్బాలకొద్దీ ఉంటాయి, అవీ వెతకాలి. పైఅంతస్తు డాబా తలుపుకు తాళం. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి మానసిక వైద్యులకు చూపించాలి. "ఎవరికీ చెప్పొద్దు ఆంటీ" అని బతిమాలితే, "నీ ప్రాణం సంగతి కదా, ఇది మాత్రం దాచను. నీ పక్కనే ఉండి చెప్తాను" అనండి. కాసేపు కోపగించుకుంటాడు, ఫరవాలేదు.

ప్రశ్న: ఏడిపించడం ఆగిపోయి మూడు నెలలైంది, స్కూలు కూడా బాగానే స్పందించింది. కానీ నా స్నేహితురాలి కూతురు ఇంకా స్కూలంటే వణుకుతోంది. వారానికి రెండు రోజులు మానేస్తోంది. "మర్చిపోతుందిలే" అని నేనే చెబుతూ వచ్చాను. స్కూలు మార్చేయడం మంచిదా?

జవాబు: ముందు 'మర్చిపోతుంది' అన్న మాట వదిలేయండి. బ్రిటన్‌లో 1958లో పుట్టిన వేలమందిని యాభయ్యేళ్ల వయసు దాకా పరిశీలించిన అధ్యయనం 2014లో వెలువడింది. చిన్నప్పుడు తరచుగా వేధింపుకు గురైనవాళ్లలో ఆ వయసులో కూడా దిగులు, ఆందోళన ఎక్కువగా కనిపించాయి. అందరికీ అలా జరుగుతుందని కాదు దీని అర్థం, దానంతటదే పోతుందని వదిలేయకూడదని. మూడు నెలలుగా నిద్ర, చదువు, తిండి దెబ్బతిని ఉంటే పిల్లల మానసిక వైద్యులనో కౌన్సెలర్‌నో కలవాల్సిన సమయం ఇది. మొదటిసారి వెళ్లేటప్పుడు మీరు తోడు వెళ్లండి, లేదా ఇంట్లో చిన్నవాళ్లను చూసుకోండి. ఆ గంట ఆమెకు దొరకడమే కష్టం.

మానేసిన ప్రతి రోజూ భయాన్ని పెంచుతుంది. ఇంట్లో ఉంటే హాయిగా ఉంది కాబట్టి, స్కూలే ప్రమాదమని మనసు గట్టిగా నమ్మేస్తుంది. ఒక్కసారిగా పూర్తి రోజు పంపడం కూడా బెడిసికొడుతుంది. స్కూలుతో మాట్లాడి మెట్లు వేసుకోవాలి: మొదటి రెండు రోజులు తనకిష్టమైన టీచరు పీరియడ్లు రెండే, తర్వాత సగం రోజు, ఆ తర్వాత పూర్తి రోజు. ఒక మెట్టు తేలికయ్యాకే పైది. గేటు దగ్గర ఎదురుచూసే స్నేహితురాలు ఒకరు, ఊపిరాడనట్టు అనిపిస్తే అడగకుండానే వెళ్లి కూర్చోగల ఒక చోటు ముందే ఖాయం కావాలి. చాలామంది మొదటి మంచి రోజు చూసి "అయిపోయింది" అని ఏర్పాట్లన్నీ తీసేస్తారు, రెండో వారంలో మళ్లీ మొదటికొస్తుంది.

స్కూలు మార్చడం తప్పేమీ కాదు. ఉన్నచోట వేధింపు ఆగనప్పుడు, లేదా ఆగినా ఆ గోడలే గుర్తుచేస్తూ ఉన్నప్పుడు అది సరైన నిర్ణయమే. మీరు చెబుతున్న స్కూలు బాగా స్పందించింది కాబట్టి, పైన చెప్పిన మెట్లు ఆరు నుంచి ఎనిమిది వారాలు ప్రయత్నించి చూడమని మా సలహా. ఎలాగైనా ఆ అమ్మాయిని అడిగి నిర్ణయించాలి. అడగకుండా మారిస్తే, వాళ్లు ఉండిపోయారు, నన్ను పంపేశారు అని అర్థం చేసుకుంటుంది. మారిస్తే కొత్త స్కూలును చేరకముందే ఒకసారి చూపించండి, పాత క్లాసులోని మంచి స్నేహితులు ఇద్దరితో రాకపోకలు తెగిపోకుండా చూడండి. కొత్త చోట క్లాస్ టీచరు ఒక్కరికి మాత్రం జరిగింది చెబితే చాలు. మిగతా ఎవరికి చెప్పాలన్నది ఆ అమ్మాయి ఇష్టం.